కొత్త బ్యాటరీ వేశాక కారు మళ్లీ ఎందుకు మొరాయిస్తుంది? ఇంటి రిపేరు తర్వాతి తిప్పలు

నాన్నను ఉదయం 6 గంటలకు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కారు సెల్ఫ్ కొడితే 'టిక్ టిక్' మని చప్పుడు తప్ప ఇంజిన్ కదల్లేదు. అంతకు నాలుగు రోజుల ముందే సెల్లార్‌లో నేనే పాన పట్టుకుని కొత్త బ్యాటరీ బిగించాను. వీడియో చూసి 20 నిమిషాల్లో పని ముగించానని ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఆ ఉదయం క్యాబ్‌లో వెళ్లాం.

కారు రిపేరు ఇంట్లోనే చేసుకునేవాళ్లకు అసలు పరీక్ష తరచూ రిపేరు అయ్యాకే మొదలవుతుంది. పాత సమస్య పోలేదా, కొత్తది తెచ్చుకున్నామా అన్నది తేల్చుకోవాలి. ఎక్కువమంది సొంతంగా చేసే పని బ్యాటరీ మార్పే కాబట్టి అక్కడి నుంచే చూద్దాం.

బ్యాటరీ నిజంగా పోయిందా?

కొనే ముందు మల్టీమీటర్‌తో చూడాలి. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక, పూర్తి చార్జింగ్ ఉన్న 12 వోల్టుల బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12 దగ్గర ఉంటే దాదాపు ఖాళీ అయినట్టే. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీ బలహీనపడిందని అనుమానించాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. అక్కడ కూడా 12 మీదే ఆగితే లోపం ఆల్టర్నేటర్‌ది, లేదా దాని బెల్టు, వైర్లది. అలాంటప్పుడు ఎన్ని బ్యాటరీలు మార్చినా ఫలితం ఉండదు. కొత్త మోడళ్లలో ఆల్టర్నేటర్‌ను కంప్యూటరే నియంత్రిస్తుంది కాబట్టి అంకె పెరుగుతూ తగ్గుతూ ఉండొచ్చు. ఒక్కసారి చూసి కంగారు పడక్కర్లేదు.

బ్యాటరీ చలికాలం ఉదయాన మొరాయిస్తుంది గానీ, దాని ఆయుష్షును ఎక్కువగా తినేది ఎండ. వేడికి లోపలి పలకల తుప్పు వేగం పెరుగుతుంది. మన వేసవిలో ఎండలో నిలబడే బళ్ల బ్యాటరీలు త్వరగా పోవడానికి కారణం ఇదే.

కొనేటప్పుడు పాతదాని మీదున్న కోడ్ చూసుకోవాలి. 38బీ20ఎల్, 38బీ20ఆర్ అని రెండు రకాలుంటాయి. చివరి అక్షరం టెర్మినళ్లు ఏ వైపు ఉన్నాయో చెబుతుంది. అది తప్పితే వైరు అందదు, లేదా ప్లస్, మైనస్ తారుమారవుతాయి. తారుమారైతే మెయిన్ ఫ్యూజు, ఆల్టర్నేటర్ డయోడ్లు కాలిపోవచ్చు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తానే ఆగి మళ్లీ స్టార్టయ్యే కార్లకు ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం బ్యాటరీ ఉంటుంది. డబ్బు మిగులుతుందని వాటికి మామూలు బ్యాటరీ వేస్తే అది త్వరగానే చేతులెత్తేస్తుంది.

విప్పేటప్పుడు మైనస్ ముందు, ప్లస్ తర్వాత. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర. కారు బాడీ అంతా మైనస్‌కే కలిసి ఉంటుంది. మైనస్ విప్పకుండా ప్లస్ మీద పాన వేస్తే, అది పొరపాటున బాడీకి తగిలినా షార్ట్ సర్క్యూటే. ఇంకో మాట: తాళం జేబులోనే ఉంచుకోండి. బ్యాటరీ మళ్లీ కలిపిన క్షణంలో కొన్ని కార్ల డోర్లు లాక్ అయిపోతాయి.

బిగించాక వెలిగే లైట్లు

కరెంటు తీసేస్తే కారు కొన్ని విషయాలు మరిచిపోతుంది. కిటికీ అద్దం ఒక్క నొక్కుతో పైకి వెళ్లదు. చాలా మోడళ్లలో అద్దాన్ని పూర్తిగా పైకి తీసుకెళ్లి, స్విచ్ కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే సరిపోతుంది. ఈఎస్‌పీ లైటు వెలుగుతుంటే స్టీరింగ్‌ను ఒకసారి ఆ చివరి నుంచి ఈ చివరి వరకు తిప్పి, కాస్త దూరం నడిపితే తరచూ ఆరిపోతుంది. ఐడ్లింగ్ ఎగుడుదిగుడుగా ఉంటే కంప్యూటర్ మళ్లీ నేర్చుకోవడానికి కొంత సమయం పడుతుంది. వీటిలో ఏదీ పాడైనట్టు కాదు. కొన్ని రోజులు నడిపినా లైటు ఆరకపోతేనే స్కానర్ పెట్టించాలి.

నా కారు సంగతి వేరు. కిటికీ, లైటు సర్దుకున్నాయి. బ్యాటరీ మాత్రం ఖాళీ అవుతూనే ఉంది. ఆపి ఉన్న కారు 50 మిల్లీ యాంపియర్ల లోపు కరెంటు వాడటం మామూలే, గడియారం, అలారం వంటివి నడవాలి కదా. కొలవాలంటే మైనస్ వైరు విప్పి, దానికీ టెర్మినల్‌కూ మధ్య మల్టీమీటర్‌ను 10 యాంపియర్ల సాకెట్‌లో పెట్టి కలపాలి. డోర్లు మూసి కనీసం అరగంట ఆగాలి, లోపలి కంప్యూటర్లు నిద్రలోకి వెళ్లడానికి అంత సమయం పట్టొచ్చు. మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొడితే దాని ఫ్యూజు పోతుంది.

నాకు 250 మిల్లీ యాంపియర్లు కనిపించింది. ఒక్కో ఫ్యూజు తీస్తూ పోతే ఒకదాని దగ్గర అంకె ఒక్కసారిగా పడిపోయింది. రెండు నెలల కిందట నేనే బిగించిన డ్యాష్‌క్యామ్ అది. తాళం తీసినా కరెంటు ఉండే ఫ్యూజుకు దాన్ని కలిపాను. రోజుకు 6 యాంపియర్ అవర్లు పోతే, 35 యాంపియర్ అవర్ల బ్యాటరీ నాలుగు రోజులు కదలకుండా ఉంటే మిగిలేది మూడో వంతు కంటే తక్కువ. పాత బ్యాటరీ కూడా బహుశా బాగానే ఉండి ఉంటుంది.

చివరగా ఎక్కడ చెయ్యి పెట్టాం?

ఈ అనుభవం వల్ల ఇప్పుడు ఏ సమస్య వచ్చినా ముందు అడిగే ప్రశ్న ఇదే. ఎయిర్ ఫిల్టర్ మార్చాక 'చెక్ ఇంజిన్' లైటు వెలిగితే, సెన్సర్ పాడైందనుకునే ముందు ఫిల్టర్ డబ్బా క్లిప్పులు, గొట్టం క్లాంపు, విప్పిన ప్లగ్గు చూడాలి. సెన్సర్ దాటాక గాలి దొంగదారిలో లోపలికి వెళ్తే స్కానర్ పీ0171 అని చూపిస్తుంది, అంటే ఇంధనం తక్కువ, గాలి ఎక్కువ అని. కోడ్ చెప్పేది లక్షణం. మార్చాల్సిన భాగం పేరు అది చెప్పదు. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు.

ఆయిల్ మార్చాక కారుతుంటే, పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోయిందేమో చూడండి. దాని మీద కొత్తది బిగిస్తే రెండు రింగులవుతాయి, ఆయిల్ ఆగదు.

బ్రేకులు, ఎయిర్‌బ్యాగుల పసుపు రంగు కనెక్టర్లు, ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్ల నారింజ రంగు కేబుళ్లు మాత్రం షెడ్డుకే వదిలేయాలి. నా అభిప్రాయం ఇందులో కాస్త కఠినమే.

వారంటీ సంగతి?

సొంతంగా చెయ్యి పెడితే వారంటీ పోతుందన్న భయం ఉంటుంది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ.2,544.65 కోట్ల జరిమానా వేసింది. విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్‌లకూ అందాలని, బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దవుతుందన్న షరతు పెట్టకూడదని చెప్పింది. కంపెనీలు దీన్ని పైకోర్టుల్లో సవాలు చేశాయి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' పోర్టల్ ప్రారంభించింది, అందులో వాహన రంగమూ ఉంది. అయితే మీరు వేసిన వైరు వల్లే భాగం కాలిందని తేలితే, ఆ భాగానికి వారంటీ అడగడం కష్టం. బిల్లులు దాచుకోండి, విప్పే ముందు ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి.

పాత బ్యాటరీని చెత్తబండిలో వేయకూడదు, అందులో సీసం, ఆమ్లం ఉంటాయి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులది. కొత్తది కొన్న షాపులోనే ఇచ్చేస్తే బిల్లులో కొంత తగ్గిస్తారు.