నేల కదిలితే ఎవరి ఫోన్ మోగాలి?

మా ఇస్నాపూర్ చౌరస్తాలో నిలబడితే లారీలు, కంపెనీ బస్సులు, షేర్ ఆటోలు తప్ప కొండ అనేది కనపడదు. మరి కొండచరియల గురించి వీడికెందుకు అంటారా? ఈ బొంబాయి రోడ్డునే వెనక్కి పట్టుకుని పోతే ముందు హైదరాబాదు, ఆ తరవాత బెజవాడ వస్తాయి. నేల కదలికని కొలిచేవాళ్ళు మొదటి ఊళ్ళో ఉన్నారు. కొండ కింద కాపురాలుండేది రెండో ఊళ్ళో.

ముందు హైదరాబాదు సంగతి. బాలానగర్‌లో ఇస్రో వాళ్ళ నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉంది. ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్‌లో ఇళ్ళు బీటలు వారుతున్నప్పుడు ఆ ఊరు ఎంత కుంగిందో లెక్కగట్టింది వీళ్ళే. 2022 ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా దాదాపు 9 సెంటీమీటర్లు. ఆ తరవాత డిసెంబర్ 27 నుంచి 2023 జనవరి 8 దాకా, అంటే 12 రోజుల్లోనే, 5.4 సెంటీమీటర్లు!

ఎలా కొలుస్తారంటే, మన భాషలో చెప్పాలంటే నేలకి డిఫ్ తియ్యడమే. శాటిలైట్ ఒకే దారిలో రెండుసార్లు వెళ్తూ రాడార్ తరంగాలు పంపుతుంది. తిరిగొచ్చిన వాటి ఫేజ్‌లో తేడా చూస్తారు. సెంటినెల్-1 తరంగం పొడవు 5.6 సెంటీమీటర్లు. నేల శాటిలైట్ వైపుకో, దాన్నుంచి దూరంగానో 2.8 సెంటీమీటర్లు జరిగితే ఫేజ్ ఒక పూర్తి చుట్టు తిరిగొస్తుంది. అంతకన్నా చిన్న కదలికలు కూడా తెలుస్తాయి. అదీ దాదాపు 700 కిలోమీటర్ల ఎత్తు నుంచి.

ఇంతకీ జోషీమఠ్‌కి ప్రమాదం ఉందని అప్పుడే తెలిసిందా? లేదు. ఆ ఊరు పాత కొండచరియల శిథిలాల మీద ఉందని, పెద్ద కట్టడాలు కట్టొద్దని, వాలు కింది బండలు తవ్వొద్దని మిశ్రా కమిటీ 1976లోనే చెప్పింది. వినలేదు. 47 ఏళ్ళకి అంకెలు కూడా చేతికొచ్చాయి. అప్పుడేం చేశారు? మీడియాతో సమాచారం పంచుకోవద్దని సంస్థలకి జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ నుంచి ఆదేశం. ఆ రిపోర్టు వెబ్‌సైట్లోంచి మాయం. ఇలాంటి రిపోర్టులు దాచడమెందుకని ఆ ఏడాది సెప్టెంబర్‌లో ఉత్తరాఖండ్ హైకోర్టు అడిగాకే అవి బయటికొచ్చాయి.

ఇక బెజవాడ. 2024 ఆగస్టు 31న కుండపోత వానకి మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ళ మీద పడింది. ప్రాణాలు పోయాయి. నిజం చెప్పాలంటే, బండ ఒక్కసారిగా ఊడిపడే చోట శాటిలైట్ ఒక్కటే చాలదు. పగుళ్ళ దగ్గర మీటర్లు పెట్టాలి, వానని లెక్కెయ్యాలి, కిందున్న ఇళ్ళవాళ్ళకి ముందే చెప్పాలి. మెల్లగా జారే నేలకైతే 2025 జూలై 30న మన శ్రీహరికోట నుంచే నైసార్ వెళ్ళింది. ఇస్రో, నాసా కలిసి చేసిన ఆ శాటిలైట్ 12 రోజుల్లో రెండుసార్లు చూసేలా తయారైంది.

అంటే కొలవడం మనకి చేతకాక కాదు. సర్వర్లో డిస్క్ 90 శాతం నిండితే అర్ధరాత్రి మన ఫోన్ మోగుతుంది. ఒక ఊరు 12 రోజుల్లో 5.4 సెంటీమీటర్లు కుంగితే ఎవరి ఫోన్ మోగాలి? ఆ ఊళ్ళో పడుకున్నవాడిదే అంటాను నేను.

మీరేమంటారు?