రక్తంలో లేని జబ్బు: ఖానోల్కర్ డాక్టరు చూపించిన సంగతి

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మన చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు సంబంధాలు చూసేటప్పుడు ఒక మాట గుసగుసగా నడుస్తుంది: "వాళ్ళింట్లో క్యాన్సర్ ఉందంట." మన పెద్దల కాలంలో "పెద్దరోగం" అనేవాళ్ళు, అంటే కుష్ఠు. రెండు మాటలకీ లోపలి అర్థం ఒకటే. ఆ ఇంటి రక్తం మంచిది కాదు, పిల్లనివ్వొద్దు. ఈ రెండు జబ్బుల మీదా పని చేసిన డాక్టర్ వసంత్ రామ్‌జీ ఖానోల్కర్ గురించి మనకు తెలిసి ఉండాలి. ఆయన తెలుగువారు కాదు, ముంబైలో పని చేశారు. అయినా ఆయన రాసిన ఒక ముఖ్యమైన వ్యాసంలో మన తెలుగు ఆడవాళ్ళ చుట్ట ఉంది.

ఆయన 1895లో పుట్టారు. లండన్ విశ్వవిద్యాలయంలో 1923లో పాథాలజీలో ఎం.డి. చేశారు. జబ్బుపడిన చోట ముక్క తీసి, సూక్ష్మదర్శిని కింద చూసి, ఫలానా జబ్బు అని తేల్చే శాస్త్రం అది. 1941లో టాటా మెమోరియల్ ఆసుపత్రి మొదలైనప్పుడు అక్కడి ప్రయోగశాలలు ఆయన చేతికే వచ్చాయి. క్యాన్సర్ తెల్లవాళ్ళ జబ్బు, మన దేశంలో తక్కువ అని చాలామంది నమ్మిన రోజులవి. ఖానోల్కర్ 1944లో ముంబైలోని వెయ్యి నోటి క్యాన్సర్ కేసుల మీద వ్యాసం వేశారు. ముక్కను చూసి ఊరుకునే మనిషి కాదు. ఆ రోగి ఎవరు, ఏం నములుతారు, ఏం తాగుతారు అని కూడా చూశారు. నా లెక్కలో ఆయన గొప్పతనం అక్కడే ఉంది.

మరుసటి ఏడాది, 1945లో, సూర్యాబాయి అనే సహ పరిశోధకురాలితో కలిసి మరో వ్యాసం రాశారు. అలవాట్ల వల్ల వచ్చే మూడు కొత్త రకాల క్యాన్సర్ల గురించి అది. ఒకటి, ఖైనీ పెట్టుకునే పెదవికి వచ్చేది. రెండోది, ధోతీ బిగించి కట్టే నడుము దగ్గర చర్మానికి వచ్చేది. మూడోది మన వాళ్ళది, అంగిటికి వచ్చేది.

విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళు చుట్టను తిరగేసి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగేవాళ్ళు. అక్కడ దాన్ని అడ్డపొగ అంటారు. గాలికి ఆరదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది, రెండు చేతులా పని చేసుకోవచ్చు. కానీ నిప్పు వేడి, పొగ నేరుగా అంగిటికి తగులుతాయి. గట్టి అంగిట్లో క్యాన్సర్ ప్రపంచంలో చాలా అరుదు. విశాఖలో మాత్రం అది డాక్టర్ల ముందుకు మళ్ళీ మళ్ళీ వచ్చింది. 1937లోనే అక్కడి వైద్యులు కిణి, సుబ్బారావు దీన్ని రాశారు. 1957లో గోవిందరెడ్డి, వి.కె. రావు కోస్తా ఆంధ్ర అంగిటి క్యాన్సర్‌కు అడ్డపొగే కారణమని వ్యాసం వేశారు. 1971లో అచ్చయిన ఒక సర్వేలో 10,169 మంది పల్లెవాళ్ళ నోళ్ళు చూస్తే నూటికి 43.8 మంది అడ్డపొగ తాగేవాళ్ళే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. జబ్బు రక్తంలో ఉంటే, అదే ఇంట్లో చుట్టను మామూలుగా తాగే మగవాళ్ళ అంగిట్లో కూడా అంతే రావాలి కదా? నిప్పు ఏ వైపు ఉందో జబ్బు ఆ వైపే వచ్చింది. మన తాలూకాల్లో అడ్డపొగ లేదు, ఆకువక్కలో పొగాకు ఉంది, కడ్డిపుడి ఉంది. దవడలో ఎక్కడ పెట్టుకుంటామో పుండు అక్కడే లేస్తుంది. అత్తాకోడళ్ళిద్దరికీ వస్తే అది వంశం కాదు, ఒకే ఆకుల సంచి. (రొమ్ము క్యాన్సర్ లాంటివి కొన్ని కుటుంబాల్లో వారసత్వంగా వచ్చే మాట నిజమే. అది వేరే లెక్క, డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాల్సింది.)

ఇక కుష్ఠు. దాని క్రిమిని నార్వేలో హాన్సెన్ 1873లోనే కనిపెట్టాడు. అయినా పాపఫలం అనే మాట పోలేదు. ఖానోల్కర్ చర్మం మీద మచ్చ అప్పుడప్పుడే మొదలైన వాళ్ళ ముక్కలు తీసి పరీక్షించి 1951లో ఒక నివేదిక ఇచ్చారు. క్రిమి ముందు చర్మంలోని సన్నని నరాల్లో చేరుతుంది, పైకి పెద్దగా ఏమీ కనిపించని దశ ఒకటి ఉంటుంది అన్నారు. క్రిమి నరంలోకి ఏ దారిన వెళుతుందనే దాని మీద తర్వాతివాళ్ళు వేరే మాటలు కూడా చెప్పారు. కానీ స్పర్శ తెలియని మచ్చ నరం జబ్బు అనే సంగతి నిలబడింది. 1952లో ఆయన మొదలుపెట్టిన భారత క్యాన్సర్ పరిశోధన కేంద్రంలోనే 1958లో కుష్ఠు రోగుల గడ్డల నుంచి ఒక క్రిమిని పెంచారు. అది అసలు కుష్ఠు క్రిమి కాదని తర్వాత తేలింది. విచిత్రం ఏమిటంటే, దానితో చేసిన టీకాను 1990లలో చెంగల్పట్టు ప్రాంతంలో పరీక్షిస్తే కొంత రక్షణ కనిపించింది.

ఖానోల్కర్ 1978లో పోయారు. ఆ తర్వాత కొన్నేళ్ళకే కలిపి ఇచ్చే మందులొచ్చాయి. ఇప్పుడు కుష్ఠుకు ఆరు నెలలు లేదా ఏడాది మాత్రలు, సర్కారు ఆసుపత్రిలో ఉచితం. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇంకొకరికి అంటుకోదు. శాస్త్రం ఇంత దూరం వచ్చినా, భార్యకో భర్తకో కుష్ఠు ఉందని విడాకులు అడగొచ్చనే మాట మన హిందూ వివాహ చట్టంలో 2019 దాకా ఉండింది.