చేతి పట్టీకి చిక్కని బీపీ

మంథని చుట్టుపక్కల ఊళ్లలో ‘నాలుగడుగులేస్తే దమ్మొస్తుంది’ అనేవాళ్లు ఒక్క తీరు మనుషులు కారు. రామగుండం బొగ్గు బావుల్లో పనిచేసి దిగిపోయిన కార్మికుడు ఉంటాడు. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ఊదిన ఇల్లాలు ఉంటుంది. టీబీ నయమైనా ఆయాసం తీరని బీడీ కార్మికురాలు ఉంటుంది. ఇంకా ఉత్తరానికి, ఆదిలాబాద్ అడవుల వైపు పోతే సికిల్ సెల్ రక్తహీనత ఉన్న గోండు యువకుడు ఉంటాడు. అందరి చేతికీ పట్టీ చుట్టి బీపీ చూస్తారు, బాగానే ఉందంటారు. ఒకరికి ఇన్‌హేలర్, ఇంకొకరికి రక్తం పట్టే గోలీలు రాసి పంపుతారు.

ఆ పట్టీకి చిక్కని బీపీ ఇంకొకటి ఉంది. గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు రక్తం మోసే ధమనిలో ఒత్తిడి అది. ఆరోగ్యవంతుల్లో దాని సగటు పాదరసం కొలతలో 14 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అది పెరగడమే పల్మనరీ హైపర్‌టెన్షన్. మొదట్లో ఆయాసం తప్ప వేరే ఆనవాలు పెద్దగా ఉండదు. కాళ్లవాపు కనబడేసరికి కుడి గుండె అలిసిపోయి ఉంటుంది.

ఒంటికి గాటు పెట్టకుండా దీన్ని పసిగట్టే ప్రయత్నం చెవితోనే మొదలైంది. 1888లో మాంచెస్టర్ వైద్యుడు గ్రాహం స్టీల్, ఈ ధమనిలో ఒత్తిడి బాగా పెరిగినప్పుడు దాని కవాటం లీకై వినిపించే మర్మర ధ్వనిని వర్ణించాడు. 1891లో ఎర్నెస్ట్ ఫాన్ రోంబెర్గ్ జర్మనీలో ఈ రక్తనాళాలు గట్టిపడటాన్ని వర్ణించాడు, కానీ శవపరీక్షలో. ఆ తర్వాత వచ్చిన ఎక్స్‌రే, ఈసీజీ కూడా చాలావరకు గుండె ఆకారం మారాక గాని నోరు విప్పలేదు.

అంకె చేతికి రావాలంటే లోపలికి పోక తప్పలేదు. 1929లో వెర్నర్ ఫోర్స్‌మాన్ తన చేతి నరంలోంచి గుండె దాకా సన్నని గొట్టం పంపుకొని, నడుచుకుంటూ ఎక్స్‌రే గదికి వెళ్లాడు. ఆ తెగువను 1940లలో న్యూయార్క్‌లో కూర్నాండ్, రిచర్డ్స్ పద్ధతిగల పరీక్షగా మలిచారు. 1956లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. ఈలోగా 1946లో ఫాన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ పిల్లులపై చేసిన ప్రయోగం అసలు కిటుకు చెప్పింది: ఆక్సిజన్ తగ్గితే ఊపిరితిత్తుల నాళాలు ముడుచుకుంటాయి. పొగకూ దుమ్ముకూ పాడైన ఊపిరితిత్తి చివరికి గుండెను ఎలా దెబ్బతీస్తుందో దీనితో అర్థమైంది. ఢిల్లీలో డాక్టర్ పద్మావతి ఇలాంటి రోగులనే గమనించి, 1959లో సహచరుడితో కలిసి ‘సర్క్యులేషన్’ పత్రికలో రాశారు. చుట్టబీడీ ముట్టని ఆడవాళ్లలోనూ ఈ జబ్బు కనిపించింది. వేళ్లు వంటింటి పొగ వైపు చూపాయి.

కానీ దమ్మొస్తుందన్న ప్రతి మనిషి గుండెలోకీ గొట్టం పంపలేరు కదా! దారి స్వీడన్‌లో దొరికింది, అదీ ఓడల కర్మాగారంలో. అతుకుల్లో పగుళ్లు పట్టే శబ్ద తరంగాల యంత్రంతో ఎడ్లర్, హెర్ట్స్ 1953లో గుండె కదలికలు నమోదు చేశారు. దానికి రక్త వేగాన్ని కొలిచే డాప్లర్ తోడైంది. 1984లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన యాక్, పాప్ చూపిన లెక్క నేటికీ ప్రతి 2డి ఎకో (గుండె స్కానింగ్) గదిలో నడుస్తోంది.

ఆ లెక్క కష్టమేం కాదు. రోగిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఛాతీకి చల్లని జెల్ రాసి, ప్రోబ్ ఆనిస్తారు. కుడి గుండె గదుల మధ్య కవాటం నుంచి చాలామందిలో కొంచెం రక్తం వెనక్కి చిమ్ముతుంది. దాని వేగాన్ని వర్గం చేసి నాలుగుతో హెచ్చిస్తే రెండు గదుల మధ్య ఒత్తిడి తేడా వస్తుంది. వేగం సెకనుకు 3 మీటర్లయితే తేడా 36. దానికి పై గది ఒత్తిడి, 5 అనుకుందాం, కలిపితే 41. ఇది గుండె ముడుచుకున్నప్పుడు ఆ ధమనిలో ఉండే ఒత్తిడి అంచనా, సగటు కాదు. వేగం 2.8 దాటితే అనుమానించాలి, 3.4 దాటితే గట్టిగా అనుమానించాలి.

అనుమానించాలి, అంతే. ఆదిలాబాద్‌కు దగ్గరి సంగతి సికిల్ సెల్‌నే చూడండి. 2004లో అమెరికాలో గ్లాడ్విన్ బృందం ఎకో తీస్తే మూడోవంతు మందిలో వేగం 2.5, ఆ పైన ఉంది. వాళ్లలో చావులూ ఎక్కువే. 2011లో ఫ్రాన్స్‌లో అలాంటివాళ్లకు గొట్టం వేసి చూస్తే, పరీక్షించిన మొత్తం రోగుల్లో 6 శాతం మందికే జబ్బు నిర్ధారణ అయింది. ఎకో అబద్ధమాడిందని కాదు. సికిల్ సెల్‌లో రక్తం పలచబడి గుండె ఎక్కువ పనిచేస్తుంది, వేగం దానివల్లా పెరుగుతుంది. తుది తీర్పు నేటికీ గొట్టానిదే.

హద్దు కూడా కదిలింది. 1973లో జెనీవాలో నిపుణుల సమావేశం సగటు ఒత్తిడి 25 దాటితే జబ్బు అంది. ఆకలి తగ్గించే అమినోరెక్స్ మందు స్విట్జర్లాండ్ తదితర దేశాల్లో ఈ జబ్బును ఉన్నట్టుండి పెంచిన కాలమది. 2018లో నీస్ సమావేశం హద్దును 20కి దించింది, 2022 ఐరోపా మార్గదర్శకాలు దాన్నే ఖాయం చేశాయి. ముందే పట్టుకోవాలన్న పట్టుదల పెరిగింది. ఎకోకు ముందు ఈసీజీ, గుండెపై భారాన్ని చెప్పే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ రక్తపరీక్ష వచ్చి చేరాయి.

బొగ్గు బావి కార్మికులకు నిర్ణీత కాలానికోసారి చేసే వైద్య పరీక్ష (పీఎంఈ)లో తీసే ఛాతీ ఎక్స్‌రే ఊపిరితిత్తుల్లో దుమ్ము మచ్చలు చూపిస్తుంది, ధమనిలో ఒత్తిడి చెప్పదు. మచ్చలున్న మనిషి ఆయాసమంటే దుమ్ము పనేనని ఫైలు మూసేయడం తేలిక. ఎకోలో ఒత్తిడి ఎక్కువని తేలితే మాత్రం వెతుకులాట మళ్లీ మొదలవుతుంది: కవాటం సన్నబడిందా, పుట్టుకతో గుండెలో రంధ్రముందా, ఊపిరితిత్తుల్లో పాత రక్తపు గడ్డలున్నాయా అని. గడ్డల సంగతి, ఊపిరితిత్తుల్లో గాలి, రక్త ప్రసారాలను పోల్చి చూసే వీక్యూ స్కాన్ తేలుస్తుంది. అదే కారణమైతే, కొందరిలో ఆపరేషన్‌తో ఆ గడ్డలను తీసేసి జబ్బును నయం చేసే వీలుంది.