సహాయక టి కణాలు: పక్కన పెట్టిన పదిహేనేళ్ల సాక్ష్యం

సహాయక టి కణాల చరిత్రను పాఠ్యపుస్తకాలు రెండు మెట్లలో ముగిస్తాయి. ఈ కణాలు రెండు రకాలని 1986లో తేలింది. 2005లో మూడో రకం దొరికి, దీర్ఘకాలిక వాపు వ్యాధుల చిక్కు వీడింది. తేదీలు సరైనవే, మధ్యకాలమే ఖాళీ. రెండు రకాల లెక్క సరిపోవడం లేదని చెప్పే సాక్ష్యం 1988 నాటికే అచ్చులో ఉంది. శాస్త్రలోకం దాన్ని పదిహేనేళ్లు ఎలా పక్కన పెట్టగలిగింది? నా దృష్టిలో ఈ చరిత్రలో తేల్చుకోవలసిన ప్రశ్న అదే.

తొలిదశ గురించి వివాదం లేదు. అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల థైమస్ గ్రంథిని తొలగించి, రోగనిరోధక శక్తికి అది ఎంత అవసరమో జాక్ మిల్లర్ 1961లో చూపాడు. యాంటీబాడీలు తయారుచేసే బి కణాలకు థైమస్ నుంచి వచ్చే టి కణాల తోడ్పాటు కావాలని 1966, 1968 నాటి ప్రయోగాలు తేల్చాయి. ఎయిడ్స్ వచ్చాక, సీడీ4 గుర్తున్న ఈ సహాయక కణాలు తరిగిపోతే మనిషి ఏమవుతాడో ప్రపంచమంతా చూసింది.

1986లో కాలిఫోర్నియాలోని డీఎన్ఏఎక్స్ సంస్థలో టిమ్ మోస్‌మన్, రాబర్ట్ కాఫ్‌మన్ బృందం ఎలుకల సహాయక కణాలను క్లోన్లుగా పెంచి, అవి విడుదల చేసే సైటోకైన్లనే సంకేత ప్రోటీన్లను బట్టి రెండుగా విభజించింది. టీహెచ్1 కణాలు ఇంటర్‌ఫెరాన్ గామాను, టీహెచ్2 కణాలు ఇంటర్‌ల్యూకిన్ 4ను విడుదల చేస్తాయి. ఒక వర్గం బలపడితే రెండోది అణగుతుందన్న మాట త్వరలోనే దీనికి తోడైంది. ఆటోఇమ్యూన్ వ్యాధులు టీహెచ్1 వైపు, అలర్జీ, ఆస్తమా టీహెచ్2 వైపు చేరాయి. తక్కెడ బొమ్మ ప్రతి పాఠంలోనూ కనిపించసాగింది.

ఆ విభజనను తేలిగ్గా తీసెయ్యలేం. లీష్మానియా పరాన్నజీవి సోకినప్పుడు ఒక జాతి ఎలుకలు టీహెచ్1 స్పందనతో కోలుకుంటాయి, మరో జాతివి టీహెచ్2 స్పందనతో చనిపోతాయి. కుష్ఠు వ్యాధిలో ట్యూబర్‌క్యులాయిడ్, లెప్రోమేటస్ మచ్చల సైటోకైన్లు దాదాపు ఇదే తేడా చూపాయని 1991లో వెలువడిన పరిశోధన చెప్పింది. అంటువ్యాధుల్లో ఈ లెక్క గట్టిదే. దాన్ని అలాగే ఎత్తుకెళ్లి ఆటోఇమ్యూన్ వ్యాధుల మీద పెట్టడంలో పొరపాటు జరిగింది.

మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు నమూనాగా ఎలుకల్లో తెచ్చిపెట్టే మెదడువాపు వ్యాధి ఒకటుంది. అది టీహెచ్1 వల్ల వస్తే ఇంటర్‌ఫెరాన్ గామాను అడ్డుకోగానే తగ్గాలి. బెల్జియంలో ఆల్ఫాన్స్ బిల్లియో బృందం దాన్ని యాంటీబాడీలతో అడ్డుకున్నప్పుడు జబ్బు ముదిరింది. ఆ ఫలితం అచ్చయింది 1988లో. ఇంటర్‌ఫెరాన్ గామా జన్యువే లేని ఎలుకలకూ వ్యాధి వస్తుందని 1996లో తేలింది. అప్పటికైనా సిద్ధాంతాన్ని తిరిగి చూడాల్సింది. చూడకపోవడానికి కారణాలు లేకపోలేదు. ఇంటర్‌ఫెరాన్ గామా ఇచ్చిన 18 మంది మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగుల్లో ఏడుగురికి జబ్బు తిరగబెట్టిందని 1987లోనే తెలిసింది. మనిషిలో అలా, ఎలుకలో ఇలా ఉంటే దేన్ని నమ్మాలి? పైగా టీహెచ్1 కణాలను పుట్టించే ఇంటర్‌ల్యూకిన్ 12ను అడ్డుకుంటే ఎలుకల్లో వ్యాధి నిజంగానే ఆగింది. సిద్ధాంతం ఆ ఒక్క ఫలితం మీద నిలబడింది.

ఆ ఆధారమే తప్పుగా చదివినది. ఇంటర్‌ల్యూకిన్ 12లో రెండు ముక్కలుంటాయి: పీ35, పీ40. అప్పటి ప్రయోగాలు ఎక్కువగా అడ్డుకున్నది పీ40ని. అదే పీ40 మరో జతగాడైన పీ19తో కలిసి ఇంటర్‌ల్యూకిన్ 23 అవుతుందని 2000లో బయటపడింది. 2003లో డేనియల్ కువా బృందం మూడు ముక్కలనూ విడివిడిగా తొలగించి చూసింది. పీ35 లేని ఎలుకలకు వ్యాధి వచ్చింది, పీ19 లేని ఎలుకలకు రాలేదు. ఈ పని జరిగింది కూడా డీఎన్ఏఎక్స్‌లోనే. తక్కెడను నిలబెట్టిన చోటే దాన్ని పక్కకు తీశారు. అంటే సిద్ధాంతాన్ని కదిలించింది కొత్త కణం దొరకడం కాదు, ఒక ప్రోటీన్ ముక్కకు ఇద్దరు జతగాళ్లున్నారని తెలియడం. ఆ కొత్త కణం విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్ 17 జన్యువు 1993లోనే దొరికింది, కీళ్లవాత రోగుల కీళ్ల ద్రవంలో ఆ ప్రోటీన్ 1999లో కనిపించింది. దాన్ని చేసే కణాలకు చోటు మాత్రం పాత పటంలో లేదు. 2005లో కేసీ వీవర్, చెన్ డాంగ్ బృందాలు టీహెచ్17ను వేరే వర్గంగా నిరూపించాకే ఆ చోటు ఏర్పడింది.

తర్వాతి ఇరవయ్యేళ్లను పూర్తి విజయంగా చెప్పడానికి నాకు మనసొప్పదు. సోరియాసిస్‌లో ఫలితం కాదనలేనిది: ఇంటర్‌ల్యూకిన్ 17ను అడ్డుకునే సెక్యుకినుమాబ్‌కు అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది, ఏళ్ల తరబడి పొలుసులతో బాధపడిన చర్మాలు తేటపడ్డాయి. అదే మందు క్రోన్స్ వ్యాధిలో మేలు చేయకపోగా కొందరికి కీడు చేసింది. పేగు లోపలి పొరను కాపాడటంలోనూ ఇంటర్‌ల్యూకిన్ 17 పాత్ర ఉంది. దాన్ని చేసేవి టీహెచ్17 కణాలొక్కటే కావు కూడా. ఎలుకల మెదడువాపులో వెన్నుపాములో ఇంటర్‌ఫెరాన్ గామా చేస్తూ కనిపించే టి కణాల్లో చాలా భాగం అంతకుముందు ఇంటర్‌ల్యూకిన్ 17 చేసినవేనని 2011లో బ్రిగిట్టా స్టాకింగర్ బృందం చూపింది. వర్గాలు మారే కణాలకు టీహెచ్9, టీహెచ్22 అని కొత్త అంకెలు తగిలించుకుంటూ పోతే పాత తప్పే పెద్దదవుతుంది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది మల్టిపుల్ స్క్లెరోసిస్. పీ40ని అడ్డుకునే ఉస్టెకినుమాబ్ సోరియాసిస్‌లో నెగ్గింది కానీ, ఏ వ్యాధి నమూనా ఇంటర్‌ల్యూకిన్ 23కు పేరు తెచ్చిందో ఆ వ్యాధి రోగుల్లోనే పనిచేయలేదని 2008 నాటి పరీక్ష చెప్పింది. 2017లో అనుమతి పొంది ఆ వ్యాధిని గట్టిగా అదుపు చేసిన ఓక్రెలిజుమాబ్ తొలగించేది ప్రధానంగా బి కణాలను. ఆ బి కణాలే యాంటిజెన్లను చూపించి టి కణాలను రెచ్చగొడుతున్నాయని, మందు ఆ సంబంధాన్ని తెంచుతోందని ఒక వాదన ఉంది, అది నిజం కావచ్చు కూడా. అలాగైతే సాయం ఎటునుంచి ఎటు వెళుతోందన్న 1966 నాటి ప్రశ్నను మనుషుల్లో మళ్లీ మొదటినుంచి అడగాల్సి ఉంది.