ఇత్తడి వాద్య విద్యార్థుల ఉపకార వేతనాలు: అనంతపురం సీమ

మౌత్‌పీస్‌కు ఆనించిన పెదవుల కంపనంతో గొట్టంలోని గాలిని మోగించే సుషిర వాద్యాలను ఇత్తడి వాద్యాలంటారు. ట్రంపెట్, ట్రాంబోన్, యుఫోనియం, ట్యూబా ఈ తరగతికి చెందినవి. బ్యాండు మేళంలో వీటి పక్కనే వినిపించే క్లారినెట్ రీడుతోను, గుడిలోని నాదస్వరం పీకతోను మోగుతాయి కనుక అవి ఈ తరగతిలోకి రావు. జాతరల్లో ఊదే కొమ్ము మాత్రం, మీటలు లేకపోయినా, పెదవులతోనే పలుకుతుంది కనుక ఇత్తడి వాద్యాలకు సోదర వాద్యమే.

అమెరికా ఉన్నత పాఠశాలల్లో బ్యాండు ఒక పాఠ్యాంశం కావడంతో, విద్యార్థి వాదనను పరీక్షించి వేతనమిచ్చే పద్ధతి అక్కడి విశ్వవిద్యాలయాల్లో స్థిరపడింది. అందుకు భిన్నంగా, ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానతో వేరుశనగ పండించుకునే అనంతపురం సీమలో ఇత్తడి వాద్యం ప్రధానంగా పెళ్లి మేళాల వృత్తి. ముహూర్తాలు లేని ఆషాఢంలో ఆదాయం ఉండదు, పంట పోయిన ఏడాది పెళ్లిళ్లే తగ్గుతాయి. అందువల్ల ఇక్కడి మేళగాడి బిడ్డకు ఉపకార వేతనం గౌరవచిహ్నం కన్నా ముందు చదువు మానకుండా నిలిపే ఆధారం.

జాతీయస్థాయిలో ముఖ్యమైనది సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం (సీసీఆర్‌టీ, స్థాపన 1979) 1982 నుంచి అమలు చేస్తున్న సాంస్కృతిక ప్రతిభాన్వేషణ పథకం. పది నుంచి పద్నాలుగేళ్ల బడి పిల్లల కోసం ఉద్దేశించిన ఈ పథకంలో, సంప్రదాయ కళాకారుల కుటుంబాల పిల్లలకు కొంత భాగం ప్రత్యేకించారు. ఎంపికైనవారికి ఏటా 3,600 రూపాయలతో పాటు గురువుకిచ్చే రుసుము పరిమితికి లోబడి అందుతుంది, ప్రగతి బాగుంటే ఇరవయ్యేళ్ల వయసు వరకు కొనసాగుతుంది. నెలకు 300 రూపాయలు చాలా స్వల్పమని చెప్పక తప్పదు. అంతకన్నా పెద్ద చిక్కు వయసుది: ఖరీదైన ట్రంపెట్ పేద విద్యార్థి చేతికి తరచు ఉన్నత పాఠశాలలోనే అందుతుంది, అప్పటికి దరఖాస్తు చేసే వయసు దాటిపోతుంది. పైగా ఈ పథకం దృష్టి సంప్రదాయ కళలపైనే కనుక, పాశ్చాత్య ఇత్తడి వాద్యాల కన్నా నాదస్వరానికి, కొమ్ముకు అందులో చోటు సహజంగా దొరుకుతుంది.

నగదు వేతనం కాకపోయినా దానికి దగ్గరి ఫలితమిచ్చే ఏర్పాటు పుట్టపర్తిలో ఉంది. 2022లో కొత్త జిల్లా ఏర్పడేవరకు అనంతపురం జిల్లాలోనే ఉన్న ఈ పట్టణంలోని శ్రీ సత్యసాయి ఉన్నత విద్యాసంస్థ (స్థాపన 1981) బోధన రుసుము తీసుకోదు, విద్యార్థులకు బ్రాస్ బ్యాండు ఉంది. 1968లో మొదలైన మహిళా కళాశాల వారసత్వంగా నడుస్తున్న ఆ సంస్థ అనంతపురం ప్రాంగణంలో ఆడపిల్లలే బ్యాండు నడపడం, పెళ్లి మేళాల్లో స్త్రీలు బహు అరుదుగా కనిపించే సీమలో, ప్రత్యేకంగా గుర్తించదగిన విషయం.

పద్నాలుగేళ్లకు అవకాశం తప్పినవారికి తరువాతి మెట్టు కేంద్ర సంస్కృతి మంత్రిత్వశాఖ యువ కళాకారుల ఉపకార వేతనం. నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇచ్చే ఇది 18 నుంచి 25 ఏళ్ల వారికే వర్తిస్తుంది, శాస్త్రీయ సంగీతంతో పాటు జానపద, దేశీయ కళలనూ చేర్చుకుంటుంది. పదో తరగతి ముగించిన వాద్యకారుడికీ ఈ వేతనానికీ మధ్య రెండు మూడేళ్లు ఖాళీగా మిగులుతాయి, ఆ ఏళ్లలో అతడు మేళంతో తిరుగుతూ సంపాదిస్తాడు, లేదా వాద్యం విడిచిపెడతాడు.