సినిమా చూసి వస్తున్న కుర్రాడు

బడి వదిలారు. కుర్రాడు ఇంటిదారి పట్టాడు. జుట్టు పెంచి, నూనె దట్టించి, వెనక్కి దువ్విన కుర్రాడు. పక్కనే ఒక కారు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. దిగినోళ్ళు రౌడీలు కారు, ఊళ్ళో మంచి పిల్లలని పేరున్న పెద్దింటి బిడ్డలు. నువ్వు గ్రీజరువి, నీ వాలకం మాకు నచ్చలేదని వాడిని కింద పడేసి కుమ్మి పోయారు. వాడికొక స్నేహితురాలు ఉంది. పదిహేనేళ్ళ పిల్ల. కబురు ఆమె చెవిన పడింది.

ఆ పిల్ల ఇల్లు చేరింది. టైప్‌రైటర్ ముందు కూర్చుంది. కోపమంతా వేళ్ళలోకి దిగింది. టకటకటకటక. ఒక కుర్రాడు. దారిలో దెబ్బలు. జరిగింది జరిగినట్టే రాయాలనుకుంటే అక్కడితో నాలుగు ముక్కల్లో అయిపోయేది. కానీ మొదట్లోనే ఒక చిన్న మార్పు చేసేసింది. కథలో కుర్రాడు బడి నుంచి రావట్లేదు. సినిమా చూసి వస్తున్నాడు.

ఊరి పేరు టల్సా. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం. చమురు డబ్బుతో మేడలు లేచిన ఊరు, వసంతం వస్తే సుడిగాలి ఎప్పుడు లేస్తుందోనని ఆకాశం వైపు చూసే ఊరు. 1960ల నడిమి కాలం. విల్ రోజర్స్ హైస్కూల్లో పిల్లలు రెండు జట్లు. నూనె జుట్టు పేదోళ్ళు గ్రీజర్లు. కార్లున్నోళ్ళు సోషులు. పెద్దతిప్పసముద్రం నుంచి బస్సెక్కి మదనపల్లె కాలేజీలో మొదటిసారి కాలుపెట్టిన పిల్లోళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అవతలోళ్ళ చూపు ముందు చెప్పుల మీద పడుతుంది, తర్వాతే మొహం దాకా వస్తుంది. ఆ చూపు గురించి లైబ్రరీలో ఒక్క పుస్తకమైనా ఉందా అని ఆ పిల్ల వెతికింది. ఆ వయసోళ్ళ కోసమని అరల్లో పెట్టినవన్నీ డాన్సు పార్టీకి ఏ గౌను వేసుకోవాలా అని తపించే అమ్మాయిల కథలు. సరే, నాకు కావలసింది నేనే రాసుకుంటానంది.

మొదటి చిత్తుప్రతి నలభై పేజీలు. వరుసల మధ్య సందు కూడా వదల్లేదు. చాల్లేదు. మళ్ళీ రాసింది. మళ్ళీ. ఆమె పేరు సూసన్ ఎలోయిస్ హింటన్. ఇంట్లో సూసీ. అప్పుడు ఆ ఇంట్లో ఇంకొకటి కూడా పెరుగుతోంది.

నాన్న మెదడులో గడ్డ.

ఇంటింటికీ తిరిగి సరుకులమ్మిన మనిషి ఇప్పుడు మంచం దిగలేకపోతున్నాడు, ఇంట్లో మాటలు తగ్గిపోతున్నాయి, కూతురు మాత్రం బడి నుంచి రావడం, టైప్‌రైటర్ ముందు కూర్చోవడం, రాసింది చించి మళ్ళీ మొదలుపెట్టడం, ఆయన జబ్బు ముదిరేకొద్దీ ఆ టకటక ఇంకా జోరందుకోవడం, ఎవరూ ఆపమనకపోవడం, ఆమె ఆపకపోవడం. హైస్కూలు ఇంకో ఏడాది మిగిలుండగానే నాన్న పోయాడు.

నవల్లో వెతికితే ఆ చావు దొరకదు. కథ చెప్పే పద్నాలుగేళ్ళ పోనీబాయ్‌కి అమ్మానాన్నలు లేరు. కారు ప్రమాదం. అది కూడా మొదటి పేజీకి ముందే జరిగిపోయింది. మిగిలింది ముగ్గురు అన్నదమ్ములు. ఇల్లు నడపడానికి చదువు మానుకున్న పెద్దోడి కోపం, ఆ కోపం కింద ఏముందో తెలియక నలిగిపోయే చిన్నోడు. మంచం పక్కన నిలబడి చూసింది ఆమె రాయలేదు. ఆ తర్వాత ఇంట్లో మిగిలే ఖాళీ రాసింది. ఇక కథ చెప్పేది ఆడపిల్ల ఎందుకు కాలేదంటే, ఆమె స్నేహితులు ఎక్కువగా మగపిల్లలే, చెవిలో మోగుతున్నది వాళ్ళ గొంతులే.

ఆ ఏడే బడిలో మార్కులొచ్చాయి. కథలు, వ్యాసాలు రాయడం నేర్పే సబ్జెక్టులో సూసీకి వచ్చిన గ్రేడు చూస్తే ఎవరైనా కలం పక్కన పెట్టేస్తారు.

డి.

తప్పలేదన్న మాటే గానీ, తప్పినంత పని. ఆమె కలం పక్కన పెట్టలేదు. నవల్లో పోనీబాయ్ కూడా ఇంగ్లీషులో తప్పబోతాడు. అయ్యవారు ఒక దారి చూపిస్తాడు. మంచి వ్యాసం ఒకటి రాసుకొస్తే సి ఇచ్చి గట్టెక్కిస్తానంటాడు. వాడు కూర్చుంటాడు. ఏం రాయాలో తోచదు. చివరికి రాయడం మొదలెడతాడు, ఎక్కడ నుంచంటే సినిమా హాలు నుంచి బయటికొచ్చిన ఆ రోజు నుంచి. మనం ఇంతసేపూ చదివిన పుస్తకమే వాడి వ్యాసం.

రాతప్రతి టల్సా దాటింది. ఒక స్నేహితురాలి అమ్మ పిల్లల పుస్తకాలు రాసేది. ఆమె న్యూయార్క్‌లో ఒక ఏజెంటు పేరు చెప్పింది, మెరిలిన్ మార్లో. కాగితాల కట్ట పోస్టులో పోయింది. 1966లో హైస్కూలు పట్టా పుచ్చుకునే రోజునే వైకింగ్ ప్రెస్ నుంచి ఒప్పందం ఇంటికొచ్చింది. సంబరమే. అయితే ప్రచురణకర్తలకి ఒక బెరుకు పట్టుకుంది. వీధి కొట్లాటల నవల రాసింది ఆడపిల్లని తెలిస్తే, సమీక్షలు రాసే మగాళ్ళు తెరవకుండానే పక్కన పడేయరా?

పేరు కుదించారు. ఎస్.ఇ. హింటన్. 1967 ఏప్రిల్‌లో 'ది అవుట్‌సైడర్స్' అచ్చయింది. చదివిన కుర్రాళ్ళు ఇదెవడో మనలోనోడే అనుకున్నారు.

పుస్తకం పరుగెత్తింది. రాసిన చెయ్యి ఆగిపోయింది. పేరు మీదపడిన బరువుకి వేళ్ళు కదల్లేదు, అదీ ఒకటీ రెండూ కాదు, కొన్నేళ్ళు. అప్పుడు ప్రేమించినవాడు ఒక పంతం పట్టాడు. రోజుకి రెండు పేజీలు రాయి, లేదంటే సాయంత్రం బయటికెళ్ళేది లేదు. రెండు పేజీలు. మర్నాడు రెండు. 1971కి రెండో నవల అచ్చయింది. అతన్నే పెళ్ళాడింది.

1980లో కాలిఫోర్నియాలోని లోన్ స్టార్ అనే చిన్న బడి నుంచి ఒక ఉత్తరం బయల్దేరింది. లైబ్రేరియనమ్మ రాసింది. కింద పిల్లల సంతకాలు, వెంట నవల ప్రతి ఒకటి. ఈ కథని మీరు సినిమా తీయాలి అని కోరిక. పంపింది ఎవరికో కాదు, 'గాడ్‌ఫాదర్' తీసిన ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలాకి. ఆయన పుస్తకం తెరిచాడు.

1982. కెమెరాలు టల్సాకే వచ్చాయి. అవే వీధులు. ఇంకా పెద్దగా పేరు రాని టామ్ క్రూజ్ కూడా నూనె జుట్టుతో ఆ గుంపులో ఒకడు. ఆస్పత్రి సీను వచ్చింది. మంచం మీద కాలిన గాయాలతో నవల్లోని గ్రీజరు డాలీ, ఆ వేషం మ్యాట్ డిల్లన్‌ది. పక్కన ఒక నర్సు కావాలి. చిన్న పాత్ర.

తెల్లబట్టలు వేసుకుని ఆ మంచం పక్కకి నడిచొచ్చి నిలబడింది సూసీ హింటన్.