షుగరు, సూది, మన ఆమేన్



పోయిన ఏడాది ఉపవాస ప్రార్థనల్లో ఒక పెద్దయ్య లేచి సాక్ష్యం చెప్పాడు. బాయి పని చేసి రిటైరైన మనిషి. షుగరు సూది మానేశానని, ఇక దేవుడే చూసుకుంటాడని అన్నాడు. అందరం ఆమేన్ అన్నాం. మేమూ అన్నాం. వారం తిరగకముందే ఆయన్ను స్పృహ లేకుండా ఆసుపత్రికి మోసుకెళ్ళాల్సి వచ్చింది. బతికాడు, దేవునికి స్తోత్రం. కానీ ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు మేమన్న ఆమేన్ మా గొంతులోనే ముల్లులా గుచ్చుకుంది. ఆ సీసాలో ఏముందో తెలియకుండానే ఆమేన్ అన్నాం కదా. తరువాత డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ఈ జబ్బు కొత్తది కాదు. ఒంటేలుకు చీమలు పడుతున్నాయని మన ముసలివాళ్ళు అనేవారు. మన దేశపు పాత వైద్యులు కూడా అదే చూసి దీనికి మధుమేహం అని పేరు పెట్టారు. పేరైతే పెట్టారు గాని, తీపి ఎక్కడి నుంచి వస్తుందో వేల ఏళ్ళు ఎవరికీ తెలియలేదు. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మనీ విద్యార్థి క్లోమంలో చిన్న చిన్న కణాల గుంపులను చూశాడు. అవి దేనికో ఆయనకు తెలియదు. ఇరవై ఏళ్ళకు, 1889లో, మింకోవ్‌స్కీ, ఫాన్ మెరింగ్ అనే ఇద్దరు వైద్యులు ఒక కుక్కకు క్లోమం తీసేస్తే దానికి షుగరు వచ్చింది. దోషం క్లోమంలోనే ఉందని అప్పుడు తేలింది.

తేలినా మందు లేదు. ముఖ్యంగా పిల్లలకు. వాళ్ళను ఇంకొన్ని నెలలు బతికించడానికి డాక్టర్లకు తెలిసిన దారి ఒక్కటే, తిండి తగ్గించడం. తల్లిదండ్రులు కళ్ళెదుటే పిల్లవాడిని ఎండబెట్టాలి. ఉపవాసం గురించి తరచూ మాట్లాడే మేము ఈ సంగతి చదివి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాం.

ఇక ఫ్రెడరిక్ బాంటింగ్ సంగతి. కెనడాలో రైతు కొడుకు. మొదట దైవశాస్త్రం చదవడానికే కాలేజీకి వెళ్ళాడు, తరువాత వైద్యానికి మారాడు. (ఆయన పాస్టరై ఉంటే మన పెద్దయ్య ఏమయ్యేవాడో!) 1920 అక్టోబరు 31 రాత్రి నిద్రపట్టక లేచి, క్లోమం నుంచి మందు తీసే ఉపాయమొకటి కాగితం మీద రాసుకున్నాడు. 1921 ఎండాకాలంలో టొరంటో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ మెక్లియాడ్ ఆయనకు ఒక గది, కొన్ని కుక్కలు, చార్లెస్ బెస్ట్ అనే విద్యార్థిని తోడు ఇచ్చాడు.

1922 జనవరి 11న లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ కుర్రవాడికి మొదటి సూది వేశారు. ముప్పై కిలోలు కూడా లేని పిల్లవాడు. షుగరు కొంచెం తగ్గింది గాని సూది వేసినచోట చీము పట్టింది, ఆపేశారు. కొలిప్ అనే రసాయన శాస్త్రవేత్త రాత్రీ పగలూ ఆ మందును శుద్ధి చేశాడు. జనవరి 23న మళ్ళీ వేశారు. ఈసారి పనిచేసింది. ఆ అబ్బాయి ఇంకా 13 ఏళ్ళు బతికాడు. బాంటింగ్, బెస్ట్, కొలిప్ తమ పేటెంటు హక్కును విశ్వవిద్యాలయానికి తలా ఒక్క డాలరుకు ఇచ్చేశారు. 1923లో నోబెల్ బహుమతి బాంటింగ్‌కు, మెక్లియాడ్‌కు వచ్చింది. బాంటింగ్ తన సొమ్ములో సగం బెస్ట్‌కు, మెక్లియాడ్ కొలిప్‌కు పంచారు. ఎవరి గొప్ప ఎంత అని వాళ్ళు బాగానే తగవులాడుకున్నారు కూడా, పరిశుద్ధులేమీ కారు. నవంబరు 14, మనం బాలల దినోత్సవం చేసుకునే రోజే, బాంటింగ్ పుట్టినరోజు. ప్రపంచ డయాబెటిస్ దినం అదే.

చాలాకాలం ఈ మందును పందుల, పశువుల క్లోమాల నుంచే తీశారు. "అది పంది మందట కదా" అని మన సంఘంలో ఒకరిద్దరు అడిగారు. ఆ మాట పాతది. 1978లో మనిషి ఇన్సులిన్ తయారుచేసే జన్యువును సూక్ష్మజీవిలో పెట్టి తీయడం నేర్చుకున్నారు, 1982 నుంచి అది బజారులో ఉంది.

ఇన్సులిన్ చేసే పని తాళంచెవి పని. తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వస్తుంది. కణం తలుపు తీసి దాన్ని లోపలికి పంపేది ఇన్సులిన్. కొందరు పిల్లల్లో శరీరపు రక్షణ దళమే పొరపాటున క్లోమంలోని ఆ కణాలను చంపేస్తుంది. అది మొదటి రకం. వాళ్ళకు సూది తప్ప వేరే దారి లేదు. మనలో ఎక్కువమందికి వచ్చేది రెండో రకం. తాళంచెవి ఉంటుంది, తాళం తుప్పుపడుతుంది. పొట్టలో, కాలేయంలో కొవ్వు చేరడం, కండ తగ్గడం, వంశం, అన్నీ కలుస్తాయి. క్లోమం ఏళ్ళ తరబడి ఎక్కువ పనిచేసి చివరికి అలసిపోతుంది. అప్పుడు డాక్టరు సూది రాస్తాడు. "సూది పడిందంటే అయిపోయినట్టే" అని మన గోదావరిఖనిలో అనుకుంటారు. అది నిజం కాదు. తగ్గినదాన్ని బయటి నుంచి పోస్తున్నారు, అంతే.

షిఫ్టుల సంగతి వేరే చెప్పాలి. రాత్రిపూట మన క్లోమం మందకొడిగా ఉంటుంది. నైట్ షిఫ్టులో రెండు గంటలకు సద్ది విప్పి పగలు తిన్నంత అన్నం తింటే, అదే అన్నానికి షుగరు ఎక్కువ పెరుగుతుంది. అది బాయి కార్మికుడి పాపం కాదు.

ఇంకొకటి మమ్మల్ని కదిలించింది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు దగ్గరి పల్లెల్లో, కొన్ని ఊళ్ళలో గర్భిణులకు, చిన్నపిల్లలకు రోజూ అదనపు ఆహారం ఇచ్చారు. కొన్ని ఊళ్ళలో అప్పటికి లేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళయ్యాక పరీక్షిస్తే, ఆహారం అందిన ఊళ్ళ పిల్లల ఒళ్ళు ఇన్సులిన్‌కు మెరుగ్గా లోబడింది. 2008లో అచ్చయింది. అంటే ఈ జబ్బుకు కొంత పునాది తల్లి కడుపులోనే, ఆ తల్లి కంచంలోనే పడుతుంది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు యేసుప్రభువును అడిగారు. షుగరు వచ్చినవాళ్ళను చూసి మనమూ అదే అడుగుతున్నాం. యెషయా ప్రవక్త హిజ్కియా పుండుకు ప్రార్థనతో ఆగలేదు, అంజూరపు పండ్ల కట్టు కూడా వేయించాడు.

రామగుండం ఎండలు మీకు తెలుసు. వేడికి ఇన్సులిన్ శక్తి పోతుంది. ఫ్రిజ్ లేనివాళ్ళు ఒక కుండలో తడి ఇసుక పోసి, దానిలో చిన్న కుండ పెట్టి, సీసాను తడి తగలకుండా డబ్బాలో ఉంచి నీడన పెట్టుకోవచ్చు. లేదంటే మా ఇంటికి తెండి. మా ఫ్రిజ్ తలుపు అరలో కోడిగుడ్ల పక్కన ఇప్పటికే మూడు సీసాలున్నాయి, పేర్లు రాసి. మంచు పట్టే పైగదిలో మాత్రం పెట్టనివ్వం, గడ్డకడితే పనికిరాదు. ఆ మూడింటిలో ఒకటి పెద్దయ్యది. పొద్దున చాయ్‌కు ముందే వచ్చి, సూది వేసుకుని, ఇంటికెళ్ళి టిఫిన్ చేస్తాడు.